ఆరుగంటల పిట్ట

తరమణిలో మా ఆఫీసు ఎనిమిదంతస్తుల అద్దం.
తెల్లారేసరికి పక్క ఇన్‌స్టిట్యూట్ చెట్లన్నీ
వచ్చి అందులో నిలబడతాయి,
అసలు చెట్లకన్నా కాస్త శుభ్రంగా.

ఆశ్వయుజం. రాత్రంతా పడీ పడని వాన.
ఆరింటికి ఐదు నిమిషాలుందనగా
రెండో గేటు పక్కన టప్‌మని ఏదో పడింది.
నైట్ షిఫ్ట్ దిగి క్యాబ్ కోసం నిలబడ్డ నేను
ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.
చీపురు ఆగిపోతే ఎత్తాను.

పెంచలమ్మ దోసిట్లో
వీపంతా పచ్చ, రెక్క మలుపులో ఒక్క నీలం మెరుపు,
గంధప్పొడి రంగు రొమ్ము,
కంటి మీదుగా మెడ దాకా కాటుక గీత,
తోక కింద, ఎవరూ చూడని చోట, అంత ఎరుపు.
తోక మాత్రం
గుడ్డ చాలక దర్జీ అక్కడికే ఆపేసినట్టుంది.
నోరు తెరిచి ఎగపోస్తోంది.

ఇన్ని రంగులు కట్టుకుని
కొండ అడవుల్లో, పెద్ద చెట్ల కింది చిన్న చెట్ల కింద,
ఎండ దిగని తడి ఆకుల మీద గెంతుకుంటూ
ఒక్కరి కంటా పడకుండా బతుకుతుందట.
అదెలా కుదురుతుందని అడగబోయి
పెంచలమ్మ ఒంటి మీది నారింజ కోటు చూశాను.
వెండి పట్టీలు, వీపున కాంట్రాక్టరు పేరు,
అరమైలు నుంచి కనబడాలని ఇచ్చిందే.
నాలుగేళ్లు.
ఆమె పేరు నాకు తెలిసింది ఆ పొద్దునే.

మెళ్లో బైనాక్యులర్ ఊగుతుంటే
గోడ అవతలి నుంచి కయల్విళి పరిగెత్తుకొచ్చింది,
అక్కడ పరిశోధన చేసే అమ్మాయి.
"పిట్టా!" అంది అరవంలో, గుసగుసగా.
"పిట్టని పిట్టనక పందికొక్కంటారా?" అంది పెంచలమ్మ.
తడకి ఆవల పుట్టి ఇక్కడ పెరిగిన తెలుగు అది.
రాయడానికి రాదు,
తిట్టడానికీ లాలించడానికీ చాలు.

కాదక్కా, ఏ దేశపు పుస్తకం తెరిచినా దీని పేరు ఇదే,
మీ మాటే, అంది ఆ పిల్ల.

ఎప్పుడో ఏ దొరో వేలు చూపి అడిగుంటాడు ఇదేమిటని.
"పిట్ట, దొరా" అని ఉంటాడు మనవాడు,
పేరేమిటంటే మనిషిని అన్నట్టు.
తెలియకే అన్నాడో,
తెలిసే, అసలు పేరు మొలలో దోపుకున్నాడో.

"మా అవ్వ దీన్ని ఇంకో పేరు పెట్టి పిలిచేదిలే."
ఇద్దరం పెంచలమ్మ వైపు చూశాం.
ఆమె చీపురు దులుపుకుంది.

అట్టపెట్టెకి చిల్లులు పొడిచి
జనరేటర్ గది వెనక చీకట్లో పెట్టాం.
సాయంత్రం మూత తీస్తే
ఊడ్చి పోగేసిన గంగరావి ఆకుల్లోకి
రెండు గెంతుల్లో మాయమైందట.
ఆ కుప్ప మాత్రం పెంచలమ్మ ఎత్తలేదు.
సూపర్‌వైజర్ అరిస్తే, పాముంది సార్ అంది.
అతను రెండో గేటు వైపు రావడం మానేశాడు.

అరవంలో దీన్ని ఆరుమణి కురువి అంటారు.
పొద్దున ఆరింటికి, మళ్లీ మునిమాపున ఆరింటికి
రెండు ముక్కల ఈల, అంతే.
నేను కార్డు గీకి బయటపడేదీ ఆరింటికే.
మూడు రోజులు క్యాబ్ వదులుకుని నిలబడ్డాను.
"ఇప్పుడే కూసి ఊరుకుంది,
మీరు చెవుల్లోంచి అవి పీకే లోపల."

నాలుగో రోజు చెవులు ఖాళీగా వచ్చాను.
రాత్రి వాన ఇంకా ఆకు నుంచి ఆకుకి దిగుతోంది.
కుప్ప అంచున ఒక ఆకు
తనంతట తానే బోర్లాపడింది.
గాలేమో.
గాలి లేదు.
వంగబోతుంటే చీపురు అడ్డం పెట్టింది పెంచలమ్మ.

"చూడబాక. ఊరికే నిలబడు."

క్యాబ్ హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది.
ఆరు దాటి ఏడు నిమిషాలు.